ఆరో అధ్యాయం దాటని నవల, ‘ఉన్నా లేనట్టే’ అనే ఫిర్యాదు

ప్రశ్న: ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. రాత్రి పదింటికి గానీ తీరిక చిక్కదు, అప్పటికి కళ్లు మూతలు పడుతుంటాయి. అందుకని ఆదివారం మూడు గంటలు రాయడానికి పెట్టుకున్నాను. అందులో సగం పాత పేజీలు చదువుకోవడానికే పోతోంది. నవల ఆరో అధ్యాయం దాటడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: వారానికి మూడు గంటలు తక్కువేం కాదు. చిక్కంతా మధ్యలో వస్తున్న ఆరు రోజుల ఎడంతోనే. ఎవరు ఎవరితో ఏమన్నారో, కథ ఏ గొంతుతో నడుస్తోందో ఈలోగా చెదిరిపోతుంది. మళ్లీ దాన్ని పట్టుకోవడానికే గంటన్నర ఖర్చవుతోంది. పైగా చదువుతూ చదువుతూ చేయి ఊరుకోదు, దిద్దడం మొదలుపెడతారు. మొదటి అధ్యాయం పదిసార్లు మెరుగుపడుతుంది, ఏడోది మాత్రం పుట్టదు.

ఆ మూడు గంటల్ని విడగొట్టండి. వారంలో నాలుగు రోజులు, రోజుకి 25 నిమిషాలు. ఆదివారానికి ఒక గంట చాలు. తొలి ప్రతి అయితే 25 నిమిషాల్లో 150 నుంచి 250 పదాలు రాయొచ్చు. సగటున 200 అనుకున్నా వారానికి 800, 50 వారాలకి 40 వేలు. పిల్లల జ్వరాలూ ఆఫీసు గడువులూ కలిసి పావు వంతు మింగేసినా 30 వేలు మిగులుతాయి. చిన్న నవలకి తొలి ప్రతి వచ్చినట్టే. తిరగరాయడానికి దాదాపు మళ్లీ ఇంత సమయం పడుతుంది. దాని గురించి ఇప్పటినుంచే బెంగ పెట్టుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ 25లో చివరి మూడు నిమిషాలు కథ రాయడం ఆపేసి, మర్నాటి కోసం ఒక చీటీ రాయండి. ఇదిగో, ఇలా ఉండాలి: ‘అక్క బీరువా తాళం అడిగింది. తమ్ముడు తన దగ్గర లేదన్నాడు, అబద్ధం, జేబులోనే ఉంది. తర్వాతి వాక్యం: బయట స్కూటర్ ఆగిన చప్పుడు. అనుమానం: అప్పటికి నాన్న రిటైరయ్యాడా? మూడో అధ్యాయం చూడాలి.’ నాలుగైదు ముక్కలే. ఇది చేతిలో ఉంటే వెనక్కి వెళ్లి చదవాల్సింది చివరి పేరా ఒక్కటే. ‘నవల కొనసాగించాలి’ అని రాసుకుంటే మాత్రం ఎందుకూ పనికిరాదు. సన్నివేశం పూర్తిచేసే లేవాలన్న పట్టుదల కూడా వద్దు. సగంలో ఆపిన సంభాషణని అందుకోవడం తేలిక, ఖాళీ పేజీ మీద కొత్త సన్నివేశం ఎత్తుకోవడం కష్టం.

రాస్తుండగా ఏదైనా పేరో తేదీయో గుర్తురాకపోతే ఫోన్ తీయకండి. తీస్తే ఆ పూట అయిపోయినట్టే. అక్కడ రెండు నక్షత్రం గుర్తులు పెట్టి ముందుకు సాగండి. కథలో ఆ గుర్తు మరెక్కడా రాదు కాబట్టి ఆదివారం వెతికితే వెంటనే దొరుకుతుంది. ఆ గంటని ఈ ఖాళీలు పూరించడానికే వాడండి.

ఇక రాత్రి పది సంగతి. నిద్రమొహంతో కొత్త సన్నివేశం రాస్తే పొద్దున్నే కొట్టేసుకోవాల్సి వస్తుంది. చేత్తో రాసింది టైపు చేయడం, పాత్రల వయసులూ వరసలూ సరిచూడడం లాంటివి ఆ వేళకి అట్టేపెట్టండి. కొత్త రాతకి పిల్లలు లేవకముందో, మధ్యాహ్న భోజన విరామంలోనో చోటు చూడండి.

ప్రశ్న: రానూపోనూ రెండు గంటల ప్రయాణం. ఫోన్‌లో మాట్లాడితే అదే టైపు చేసుకుంటుంది కదా, అలా కథ రాయొచ్చా?

జవాబు: సంభాషణలకి బాగుంటుంది. వర్ణన మాత్రం నోటితో చెబితే సాగుతుంది, ఒకటే మాట మూడుసార్లు దొర్లుతుంది. పేర్లనీ యాస మాటలనీ ఫోన్ తనకి తెలిసిన మాటల్లోకి మార్చేస్తుంది. కామాలూ ఫుల్‌స్టాపులూ సరిగా పడవు. అందుకని ఒక్కో పాత్ర మాట అయిపోగానే కొత్త లైనుకి వెళ్లండి, ఆ రాత్రే దిద్దండి. నాలుగు రోజులు ఆగితే అక్కడ ఏమన్నారో మీకే అంతుపట్టదు. వాహనం మీరే నడుపుతుంటే ఈ పని అసలు పెట్టుకోవద్దు.

ప్రశ్న: సెలవు రోజుల్లో ఇంట్లోనే కూర్చుని రాసుకుంటాను. ‘మీరు ఉన్నా లేనట్టే’ అని మా ఆవిడ గొడవ. రాయడం మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు. ‘ఒక్క ఐదు నిమిషాలు’ అని గంట కూర్చుంటున్నారేమో చూసుకోండి. ఎప్పుడు లేస్తారో తెలియని మనిషి కోసం కనిపెట్టుకుని ఉండడం చాలా విసుగు. పది నుంచి పదకొండున్నర అని ముందురోజే చెప్పండి. పదకొండున్నరకి వాక్యం సగంలో ఉన్నా లేవండి (చీటీ ఉందిగా). అంతే సమయం అదే రోజు ఆవిడకీ ఇవ్వండి. ఆ గంటన్నర పిల్లలూ వంటా ఫోన్లూ అన్నీ మీవే, ‘ఉప్పు ఎక్కడుంది’ అని అడగడం కూడా కుదరదు. ఆ సమయంలో ఆవిడ ఏం చేసినా, ఏం చేయకపోయినా మీకు అనవసరం.

తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ డజన్లకొద్దీ నవలలు రాసిన ఆంథొనీ ట్రాలప్‌ని ఇలాంటి చోట ఉదాహరణగా చూపిస్తుంటారు. తెల్లవారుజామున అయిదున్నరకల్లా బల్ల దగ్గర, ఎదురుగా గడియారం, పావుగంటకి 250 పదాలు. ఆయన్ని లేపి కాఫీ అందించడానికి ఒక పనివాడున్నాడనీ, అందుకు ఏడాదికి ఐదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడనీ పెద్దగా ఎవరూ చెప్పరు. మీ ఇంట్లో ఆ కాఫీ ఎవరు పెడుతున్నారో ఓసారి చూడండి.

మరొకటి. రాసిన ప్రతి పేజీనీ వెంటనే ఆవిడకి చదివి వినిపించి, బాగుందో లేదో చెప్పమనకండి. అది ఆవిడ సమయంలోంచి ఇంకో అరగంట లాక్కోవడమే.

ప్రశ్న: గిటార్, ఫొటోలు, మొక్కలు, ఇప్పుడు కథలు. ఏదో ఒకటి వదిలేయమంటున్నారు అందరూ.

జవాబు: వదిలేయకండి, వంతులు వేయండి. కథ తొలి ప్రతి నడుస్తున్న నెలల్లో కెమెరాని పక్కన పెట్టొచ్చు, దానికేం కాదు. గిటార్ అలా కాదు. కొన్ని వారాలు ముట్టుకోకపోతే వేళ్ల కొసల మీది కాయలు మెత్తబడి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు తీగలు నొప్పెడతాయి. వారంలో మూడు నాలుగు రోజులు 15 నిమిషాలు పాత పాఠాలే వాయించండి, కొత్తవి తర్వాత. మొక్కల పని చేతులది కాబట్టి కథకి పోటీ రాదు. నీళ్లు పోస్తుంటే ముడిపడ్డ సన్నివేశం విడివడుతుంది కూడా, జేబులో కాగితం ముక్క ఉంచుకోండి.

ప్రశ్న: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో విరామ సమయంలో రాసుకోవచ్చా?

జవాబు: వద్దు. అందులోని ఫైళ్లు సంస్థ చూడగలదు, ఉద్యోగం మానేసిన రోజున మీ ప్రతి కూడా దాంతోపాటే పోతుంది. నోటుబుక్కో సొంత ఫోనో వాడండి. పారితోషికం వచ్చే రచనలకి ముందుగా అనుమతి అడగాలన్న నిబంధన మీ నియామక పత్రంలో ఉందేమో కూడా చూసుకోండి.