సీ చేతికి అడ్రస్ ఇచ్చే ముందు

చిన్నా,

నిన్న ఫోన్లో "బైట్ అర్రేని జావా నుంచి సీ వైపుకి ఎలా పంపాలి బాబాయ్" అని అడిగావు. జావాకీ సీకీ మధ్య వంతెనలా జేఎన్ఐ ఉంది కదా, పంపడం పెద్ద పనేం కాదురా. పంపాక దాన్ని ఎవరు వదిలిపెట్టాలి, ఆ అడ్రస్ ఎంతసేపు పనికొస్తుంది, ఈ రెండూ తేలకుండా మాత్రం కోడ్ మొదలుపెట్టకు.

జావా తన ఆబ్జెక్ట్‌లు పెట్టుకునే మెమరీలో, అంటే జావా హీప్‌లో, ఏదీ ఒకచోట కుదురుగా ఉండదు. అక్కర్లేనివాటిని ఏరిపారేసే గార్బేజ్ కలెక్టర్ (జీసీ) ఊడ్చేటప్పుడు బతికున్నవాటిని పక్కకి జరుపుతుంది, సీకి ఆ సంగతి తెలీదు. అందుకే జేఎన్ఐలోని గెట్‌బైట్‌అర్రేఎలిమెంట్స్ ఫంక్షన్ పిలిస్తే హాట్‌స్పాట్ జేవీఎం (మనం మామూలుగా జావా నడిపేది దానిమీదే) ఒక కాపీ తీసి, ఆ కాపీ అడ్రస్ నీ చేతిలో పెడుతుంది. నువ్వు దాని జత ఫంక్షన్ రిలీజ్ పిలిచేదాకా అది అలా పడి ఉంటుంది. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఫొటోలు చిన్నవి చేసే సర్వర్‌లో, ఫైలు పాడైపోయి ఉంటే మధ్యలోనే రిటర్న్ అయ్యే దారి ఒకటి ఉంది, అందులో రిలీజ్ మర్చిపోయాను. రోజూ కాస్త కాస్త మెమరీ పెరిగేది, హీప్ డంప్ (జావా హీప్‌లో ఏమున్నాయో చూపే ఫైలు) తీస్తే ఏమీ కనబడదు, ఎందుకంటే ఆ కాపీ ఉన్నది జావా హీప్‌లో కాదు, సీ హీప్‌లో. మూడు రాత్రులు జావా కోడ్‌నే తిట్టుకుంటూ కూర్చున్నా. ఇంకో మాట, చదవడానికే తీసుకున్న అర్రే అయితే రిలీజ్‌లో జేఎన్ఐ_అబార్ట్ ఇవ్వు, అనవసరంగా వెనక్కి జావా అర్రేలోకి రాయదు. జేఎన్ఐ_కమిట్ పేరు చూసి మోసపోకు, అది వెనక్కి రాస్తుంది గానీ కాపీని వదలదు.

నీది నాలుగైదు వందల బైట్లే అయితే ఈ గొడవంతా ఎందుకు, గెట్‌బైట్‌అర్రేరీజియన్‌తో నీ సొంత బఫర్‌లోకి దింపుకో.

కాపీ దండగ అని, వీలైతే అసలు అర్రే అడ్రసే ఇచ్చే గెట్‌ప్రిమిటివ్‌అర్రేక్రిటికల్ మీద మోజు పడతావేమో. దాన్ని పట్టుకున్నంతసేపు మామూలు జేఎన్ఐ పిలుపులు కుదరవు, దేనికోసమూ ఎదురుచూడకూడదు. జేడీకే 22 కంటే ముందు జీ1 కలెక్టర్ వాడితే ఆ కాసేపూ జీసీయే ఆగిపోయేది. 22 నుంచి ఆ అర్రే ఉన్న హీప్ ముక్కని (రీజియన్) మాత్రం కదపకుండా వదిలేస్తుంది. పెద్ద డేటాకి నేనైతే డైరెక్ట్ బైట్‌బఫరే వాడతాను, అది హీప్ బయట ఉంటుంది కాబట్టి కదలదు. కానీ సీ పని అయ్యేదాకా జావా వైపు ఆ బఫర్ ఆబ్జెక్ట్‌ని ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి, లేకపోతే కలెక్టర్ దాన్ని తీసేస్తుంది, కింద మెమరీ కూడా పోతుంది.

స్ట్రింగ్స్ దగ్గర మన తెలుగు భలే పట్టిస్తుంది. "అమ్మ" లెంగ్త్ జావాలో 4, యూటీఎఫ్-8లో 12 బైట్లు. 4 చూసి బఫర్ కేటాయించావంటే అయిపోయినట్టే.

ఈ రాత్రి జేఎన్ఐ తప్పుల్ని పట్టే -ఎక్స్‌చెక్:జేఎన్ఐ ఆప్షన్ పెట్టి ఒకసారి నడుపు. నీ ఫంక్షన్‌లో రిటర్న్‌లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్నింటికి ముందు రిలీజ్ ఉందో లెక్కపెట్టి నాకు చెప్పు.

బాబాయ్