కుండీలో మొలిచిన మిరప ఏ రకమో ఆకు చూసి చెప్పగలమా?

మీరు బాల్కనీలో మొక్క ఫోటో పెట్టి మూడు అడిగారు: ఇది ఏ మిరప, కారం ఉంటుందా, కుండీలో కాస్తుందా అని. కాస్తుంది, అందులో అనుమానం అక్కర్లేదు. రకం మాత్రం నాలుగు ఆకులు చూసి చెప్పడం నా వల్ల కాదు. మా అమ్మ వల్లే కాలేదు. మా అమ్మ అంటే సత్తెనపల్లి దగ్గర ముప్పై ఏళ్ళు సొంత మిరప తోటలో కాయ కోసిన మనిషి.

రెండేళ్ళ కిందట మా ఆఫీసులో అస్సాం అబ్బాయి ఒకడు సెలవులకి ఊరెళ్ళి వస్తూ నాలుగు ఎండు భూత్ జొలోకియా కాయలు తెచ్చిచ్చాడు. 2007లో గిన్నిస్ వాళ్ళు ప్రపంచంలోకెల్లా కారమైన మిరప అని రాసుకున్నది దాన్నే. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో 10 లక్షలు దాటుతుంది. మన గుంటూరు సన్నం 35 నుంచి 40 వేల దగ్గర ఆగుతుంది. కారమంటే మాదే అని మీసం తిప్పే మా ఊరివాళ్ళు ఈ లెక్క ఇప్పటికీ ఒప్పుకోరు.

జూన్‌లో ట్రేలో ఆ గింజలు వేశాను. మన మిరపైతే వారం పది రోజుల్లో మొలుస్తుంది. ఇవి మూడు వారాలైనా ఉలకలేదు, పలకలేదు. గింజ చచ్చిందనుకుని అవే గుంతల్లో వంటింట్లో ఉన్న ఎండుమిరపకాయల గింజలు చల్లేశాను. జొలోకియా గింజ మొలవడానికి నెల పట్టడం మామూలేనని అప్పటికి నాకు తెలియదు. తర్వాత మొలిచినవన్నీ మనవే అనుకుని ఆరు మొక్కల్ని ఆరు కుండీల్లోకి మార్చాను.

జనవరిలో పండగ అయ్యాక అమ్మా నాన్నా హైదరాబాద్ వచ్చారు. అయిదు మొక్కలకి సన్నటి కాయలు, ఒకదానికి మాత్రం పొట్టిగా, లావుగా, ముడతలు పడ్డ పచ్చికాయలు. అమ్మ ఒక్క చూపు చూసి తేల్చేసింది. "ఒరేయ్, ఇందులో బజ్జీ రకమేదో కలిసిందిరా. దీనికేం కారముంటుంది!" అని మూడు కోసి దోసకాయ పప్పులో వేసింది.

ఆమె లెక్క తప్పని నేననను. మన దగ్గర సన్నటి తేజ మండిస్తుంది, లావుపాటి బజ్జీ మిరప చప్పగా ఉంటుంది. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా అయితే టమాటాలా బొద్దుగా ఉండి, మంచి రంగు ఇస్తుందే గానీ పెద్దగా మండదు. ముప్పై ఏళ్ళు పనిచేసిన లెక్క అది. అస్సాం కాయకి ఆ లెక్క ఎవరు చెప్పాలి?

పైగా నాన్నకి కడుపులో మంట అని గింజలన్నీ తీసేసింది. కారం గింజల్లో ఉండదండీ, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. ఆ పొరను అలాగే ఉంచింది.

నాన్న రెండో ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. పల్నాడు మనిషి కోడలి ముందు కారం అని ఎలా అంటారు? ఏమీ అనకుండా చెంబెడు నీళ్ళు ఎత్తి తాగారు. అంతే, ఇక కూర్చోలేకపోయారు. మిరప కారం నీళ్ళలో కరగదు. నీళ్ళు తాగితే మంట నోరంతా పాకుతుంది. మా ఆవిడ పెరుగు గిన్నె తెచ్చి చేతికిచ్చాక గానీ మాట రాలేదు. ఈలోగా అమ్మ కాయలు తరిగిన చేత్తోనే కన్ను నలుపుకుంది. ఆ తర్వాత అరగంట మా ఇంట్లో జరిగింది రాయను. చేతులకి ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడుక్కోండి. కంట్లోకి మాత్రం నీళ్ళే.

ఇంతకీ ఆనవాళ్ళు అక్టోబరు నుంచీ నా కళ్ళ ముందే ఉన్నాయి. మామూలు మిరపకి చాలావరకు కణుపుకి ఒక్క పువ్వే, తెల్లగా వస్తుంది. ఈ మొక్కకి కణుపుకి రెండు మూడు పూశాయి, అదీ కాస్త ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఆకు వెడల్పుగా, ముడతలుగా ఉంది. కాయ తల మీద టోపీలా ఉండే ముచ్చిక కాడతో కలిసేచోట ఉంగరం తొడిగినట్టు నొక్కు ఉంది. ఆకు ముడతలు చూసి నేను తెగులనుకుని వేపనూనె కొట్టాను!

అసలు ముడత సంగతిలో మాత్రం అమ్మ మాటకి తిరుగులేదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి తిరగేసిన పడవలా ముడుచుకుంటే నల్లి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు ఊడ్చేసిన ఏడు మా ఇంట్లోవాళ్ళు ఈ పాఠం బాగా నేర్చుకున్నారు. బాల్కనీలో నాలుగు మొక్కలే కాబట్టి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొడితే చాలు.

పెంచడానికి 12 అంగుళాల కుండీ, అడుగున చిల్లులు, ఆరు గంటల ఎండ ఉంటే సరి. ఎర్రమట్టిలో మూడో వంతు పశువుల ఎరువు కలపండి. యూట్యూబ్ చూసి అరటి తొక్కల నీళ్ళు, గుడ్డు పెంకుల పొడి, కాఫీ పిప్పి అన్నీ ఒకే కుండీలో పోసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కుండీ మిరపల్ని పురుగు కంటే ప్రేమే ఎక్కువ చంపుతుందని నా గట్టి నమ్మకం. రోజూ రెండుపూటలా నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. వేలు పెట్టి చూసి, పైన అంగుళం మట్టి ఆరాకే పోయండి. మా కింది ఫ్లాట్ వాళ్ళకీ గొడవ తప్పుతుంది, నీళ్ళు కారుతున్నాయని వాళ్ళు అసోసియేషన్ గ్రూపులో పెట్టని రోజు లేదు. ఏప్రిల్, మే నెలల్లో పూత రాలిందని టెన్షన్ పడకండి. ఆ వేడికి రాలుతుంది, వానలు పడ్డాక మళ్ళీ పూస్తుంది.

క్యాప్సికం పక్కన పెడితే దానికి కారం అంటుకుంటుందా అని కూడా ఎవరో అడిగారు. ఈ ఏటి కాయకి అంటుకోదు. ఆ కాయల గింజలు వేస్తే వచ్చే మొక్కల సంగతి మాత్రం చెప్పలేం.

ఆ జొలోకియా ఇప్పటికీ మా బాల్కనీలో ఉంది. కొమ్మలు కత్తిరించినప్పుడల్లా మళ్ళీ చిగురిస్తోంది. అమ్మ తన పాత ఎర్రచీర అంచు చింపి ఆ కుండీకి కట్టి వెళ్ళింది. నాన్న మా ఇంటికొస్తే పప్పు కలుపుకునే ముందు బాల్కనీలోకి వెళ్ళి ఆ కాయలు లెక్కపెట్టి వస్తారు.

మీ మొక్క పూశాక పువ్వు ఫోటో, ముచ్చిక ఫోటో పెట్టండి, అప్పుడు చెబుతాను. అంతవరకు పప్పులో వేయకండి.