కిరీటమా, కుల్లాయా?

ప్రశ్న: జనవరిలో బెంగళూరు వీధిలో పెట్టే బొమ్మల సంత, చిత్రసంతెకు వెళ్తే కుమారకృపా రోడ్డు మీద మా హిందూపురం వైపు చిత్రకారుడొకాయన కనిపించారు. మన ప్రాంత చరిత్రే గీస్తారట. కృష్ణదేవరాయల కొలువు, లేపాక్షిలో విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గుడి గోడకు విసరడం, రాతికోట ముందు బెంగళూరు కట్టించిన కెంపేగౌడ... మూడూ నచ్చి అడ్వాన్స్ ఇచ్చేశాను. ఫోటోలు చూసిన మా మామగారు "ఇది చరిత్ర కాదమ్మా, సినిమా సెట్టింగు" అంటున్నారు. మిగతా డబ్బు కట్టాలా వద్దా అని ఒకటే టెన్షన్. ఫోటోలు మీకూ పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మామగారు సగం కరెక్టే. ముందు రాయలవారి తల చూడండి, బంగారు కిరీటం. తిరుమల గుడిలో దేవేరులిద్దరి మధ్య చేతులు జోడించి నిలబడిన ఆయన విగ్రహాన్ని మీరూ చూసే ఉంటారు, క్యూలో తోసుకుంటూ వెళ్ళే హడావుడిలో గమనించి ఉండరంతే. తల మీద ఉన్నది కిరీటం కాదు, కుల్లాయి, అంటే పొడుగాటి టోపీ. 1520 ప్రాంతంలో ఆయన్ని దగ్గర నుంచి చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా జరీ టోపీ అనే రాశాడు. మధ్యరకం ఎత్తు, మంచి రంగు, కాస్త ఒళ్ళున్న మనిషి, మొహం మీద మశూచి మచ్చలు అని కూడా రాశాడు. ఆ మచ్చలు వేసిన చిత్రకారుణ్ణి నేనింతవరకు చూడలేదు. అంతకు నూరేళ్ళ ముందే మన శ్రీనాథుడు కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకున్న చాటువులో, ఈ విజయనగర కొలువు కోసం కుల్లాయి కూడా పెట్టుకున్నానమ్మా అని వాపోయాడు కదా! కుల్లాయి లేనిదే అక్కడ పరువు లేదన్నమాట.

చిత్రకారుణ్ణి మాత్రం తిట్టకండి. సంతెలో ఒకాయన్ని నేను ఇదే అడిగితే, "కిరీటం తీసేస్తే ఎవరో సేటు అనుకుని వెళ్ళిపోతున్నారు సార్" అన్నాడు.

విరూపణ్ణ బొమ్మ సంగతి వేరు. ఆయన, తమ్ముడు వీరణ్ణ కలిసి గుడి కట్టించిన మాట నిజం, కళ్ళు పీకి విసిరిన మాట జనం చెప్పుకునే కథ. కథను గీయడం తప్పేమీ కాదు, కింద 'కథ' అని రాయించుకోండి చాలు. నాకైతే మూడింటిలో అదే నచ్చింది, ఆ గోడ మీది ఎర్రమరకను బాగా పట్టుకున్నాడు.

కెంపేగౌడ వెనక రాతికోట మాత్రం కుదరదు. 1537లో ఆయన కట్టింది మట్టికోట, దాన్ని రాతితో కట్టించడం 1761లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే బెంగళూరు పుట్టిందీ, లేపాక్షి గుడి లేచిందీ కృష్ణదేవరాయల తమ్ముడు, ఆయన తర్వాత రాజైన అచ్యుతరాయల కాలంలోనే. కాబట్టి ఈ ఊరు కట్టిన రోజుల్లో ఎవరు ఏ టోపీ పెట్టారో, ఆడవాళ్ళ చీరలకు అంచులు ఎలా ఉండేవో తెలియాలంటే లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలే చూడాలి. అన్నదమ్ములిద్దరూ పరివారంతో సహా కుల్లాయిలు పెట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. మీ చిత్రకారుడిది హిందూపురమేగా, లేపాక్షి పదిహేను కిలోమీటర్లే! వాడింది యాక్రిలిక్ అయితే కిరీటం మీద కుల్లాయి, రాయి మీద మట్టి వేయడం ఆయనకు పెద్ద పనేం కాదు. మార్చి ఇచ్చాక మిగతా డబ్బు కట్టండి.

ప్రశ్న: పిల్లలకు పాతకాలం వాళ్ళే గీసిన యుద్ధం బొమ్మ చూపించాలని ఉంది. ఎక్కడికి తీసుకెళ్ళాలి?
– ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్

జవాబు: శ్రీరంగపట్నంలో టిప్పు వేసవి మహల్, దరియా దౌలత్ బాగ్. 1780లో కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పు ఇంగ్లీషు సైన్యాన్ని చిత్తు చేసిన యుద్ధం గోడ నిండా ఉంటుంది. పల్లకీలో ఇంగ్లీషు సేనాని కర్నల్ బెయిలీ ఎక్కడున్నాడో వెతకమనండి, అరగంట అల్లరి చేయరు. అది గెలిచినవాళ్ళు వేయించుకున్న బొమ్మ, పైగా తర్వాత ఇంగ్లీషువాళ్ళ హయాంలో మళ్ళీ రంగులు పడ్డాయి, ఆ ముక్క కూడా చెప్పండి. లేపాక్షికి వెళ్తే మాత్రం చేతి అద్దం ఒకటి పట్టుకెళ్ళండి. కప్పు బొమ్మలు అందులో చూస్తే మెడ పట్టేయదు.