చేత్తో పట్టుకుంటే ఎలక్ట్రానిక్ సింబల్‌కి ఎలా తెలుస్తుంది?

“ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌లో సింబల్ (స్టిక్‌తో కొట్టే రబ్బరు పళ్లెం) అంచు పట్టుకోగానే మోత ఆగిపోతుంది. కొట్టామా, పట్టుకున్నామా అన్నది దానికెలా తెలుస్తుంది?” అని మీ ప్రశ్న. చాలామంది అంతా లోపలుండే పీజో సెన్సార్ మహిమే అనుకుంటారు. కాదండీ. పీజో బిళ్లకి కుదుపు తప్ప ఇంకేమీ తెలియదు. స్టిక్ తగిలితే వోల్టేజి ఎగురుతుంది, ఆ ఎగురుని బట్టి మాడ్యూల్ (మోత పుట్టించే పెట్టె) దెబ్బ ఎంత గట్టిదో 1 నుంచి 127 లోపు ఒక అంకె వేసుకుంటుంది. మెల్లగా పట్టుకుని అలాగే ఉంటే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకే అంచు రబ్బరు కింద పల్చటి స్విచ్ పెడతారు. టీవీ రిమోట్ బటన్ లాంటిదే, నొక్కితే రెండు పొరలు కలుస్తాయి. కుదుపుతో పాటు స్విచ్ కలిస్తే అంచు మీద దెబ్బ. కుదుపు లేకుండా కలిసి ఉంటే పట్టు. అంతే లెక్క.

మా గుంటూరు వైపు ఒక చర్చిలో క్రిస్మస్ ప్రోగ్రాంకి వాయించడానికి వెళ్లాను. క్రాష్ సింబల్ ఎంత గట్టిగా కొట్టినా ‘ట్స్’ అని అక్కడే చచ్చిపోతోంది. సౌండ్ కుర్రాడు మాడ్యూల్‌లో సెన్సిటివిటీ, త్రెషోల్డ్ అన్నీ తిప్పేసి, “సింబల్ పోయిందన్నా, కొత్తది కొనాల్సిందే” అన్నాడు. పాస్టరుగారి మొహం వాడిపోయింది. వెనక్కి వెళ్లి చూద్దును కదా, కీబోర్డుకి వాడే మోనో కేబుల్ గుచ్చారు! స్టీరియో జాక్‌లో కొసన పీజో, మధ్య రింగ్‌లో స్విచ్, వెనక గ్రౌండ్. మోనో జాక్‌కి ఆ రింగే ఉండదు, ఒంటి రేకు స్విచ్‌నీ గ్రౌండ్‌నీ కలిపేస్తుంది. పాపం మాడ్యూల్, ఎవరో సింబల్‌ని వదలకుండా పట్టుకున్నారనుకుంది. స్టీరియో కేబుల్ పెట్టగానే క్రాష్ హాలంతా మోగింది. కుర్రాడు మాత్రం “లూజ్ కాంటాక్ట్ అన్నా” అని తేల్చేశాడు.

సింబల్ పాడైందనే వాళ్లలో చాలామందికి పాడైంది కేబులే, రాసిపెట్టుకోండి. డ్రమ్ముల మీద వల లాంటి మెష్ హెడ్ల గురించి గంటలు మాట్లాడతారు, కేబుల్ మాత్రం దొరికింది గుచ్చుతారు.

2016లో రోలాండ్ కంపెనీ టీడీ-50 మాడ్యూల్‌తో పాటు వచ్చిన డిజిటల్ రైడ్ సింబల్ యూఎస్‌బీతో కలుస్తుంది, పైన చెయ్యి ఆనిస్తే చాలు, ఆగుతుంది. దాని ధర చూస్తే మన మోతే ఆగుతుంది.

ఇంకోటి, చవక సింబల్స్‌లో స్విచ్ చుట్టూరా ఉండదు, వాయించేవాడి వైపు సగమే. అద్దెకిచ్చే వాళ్లు తిరగకుండా ఆపే స్టాపర్ పారేసి ఇన్సులేషన్ టేపు చుడతారు. రెండో పాటకే సింబల్ గిర్రున తిరిగి, పట్టుకోవాల్సిన సగం గోడ వైపు పోతుంది. అద్దె మాత్రం పూర్తిగా తీసుకుంటారు.