అక్క ఏ నవ్వు నవ్వింది?

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంటి వాటాను తమ్ముడికి రాసిచ్చే అక్క గురించి నువ్వు పంపిన కథను రెండుసార్లు చదివాను. ఎనిమిది పేజీల్లో పదకొండు చిరునవ్వులు లెక్కతేలాయి. రిజిస్ట్రారు కచేరీలో సంతకం పెట్టేటప్పుడు ఆమె నవ్విన చిరునవ్వే తిరుగు బస్సెక్కేటప్పుడూ నవ్వింది. రెండూ ఒకటే నవ్వయితే ఆ రోజు ఆమెకు ఏమీ జరగనట్టే.

నోటి కదలికలకు మనకు మాటల కరువు లేదు. చిక్కంతా అక్కడే ఉంది. మూతి ముడిచింది, పెదవి విరిచాడు, ఇకిలించాడు అని రాయగానే ఆ మనిషి మీద మన తీర్పు పాఠకుడికి చేరిపోతుంది గానీ, ఆ నోరు నిజంగా ఏం చేసిందో చేరదు. నాట్యశాస్త్రం ఈ విషయంలో మనకంటే నిదానంగా నడిచింది. పెదవికి ఆరు కర్మలు చెబుతూ, వణకడం, లోపలికి దాచుకోవడం, పంటితో నొక్కుకోవడం వంటి కదలికలకు విడివిడిగా పేర్లు పెట్టి, ఏది ఏ భావానికి పనికొస్తుందో ఆ తర్వాత చెప్పింది. నవ్వునూ అంతే, పళ్ళు కనపడని స్మితం మొదలుకొని అతిహసితం దాకా ఆరు మెట్లుగా చూసింది.

కళ్ళు నవ్వకపోతే అది దొంగనవ్వేనని నువ్వు ఎక్కడో చదివి కథలో వాడినట్టున్నావు. ఆ మాటకు మూలం ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్. ముఖ కండరాలను విద్యుత్తుతో కదిలించి చూసి, పెదవి కొసలను పైకి లాగే కండరం మన ఇష్టానికి లొంగుతుందనీ, కంటి చుట్టూ ఉన్నది నిజమైన ఆనందానికే కదులుతుందనీ 1862లో ఆయన రాశాడు. అయితే కళ్ళ దగ్గర ముడతలను కావాలని తెచ్చుకోగలవాళ్ళు చాలామందే ఉన్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి దాన్ని గీటురాయిగా పెట్టుకుని నీ పాత్రలను నిలదీయకు.

ఈ తొందరపాటు నేనూ చేశాను. శ్రీకాకుళం తీరంలో ఒక చేపల బేరం చూసి, కొనేవాళ్ళు ఎంత అడిగినా పెదవులు బిగించి తల మాత్రం అడ్డంగా ఊపిన ముసలమ్మను పొగరుబోతుగా కథలోకి ఎక్కించాను. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె పక్కకు తిరిగి, నోట్లోంచి అడ్డచుట్ట తీసి, నుసి దులిపి, నిప్పున్న కొసనే మళ్ళీ నోట్లో పెట్టుకోవడం కనిపించింది. నిప్పును నాలుక మీద మోస్తున్న మనిషి పెదవులు బిగించక ఏం చేస్తుంది? చుట్ట తీసినప్పుడు బోసినోటితో నన్ను పలకరించి హాయిగా నవ్వింది కూడా. అచ్చయిపోయిన కథను వెనక్కి తీసుకోలేక ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

అందువల్ల నోటిని రాసేముందు ఆ నోట్లో ఏముందో, పన్ను ఊడిందా, వక్కపలుకు ఉందా, ఆ మనిషి మామూలుగా ఎలా నవ్వుతుందో తెలుసుకో. ఆ మామూలు నుంచి ఎక్కడ తప్పిందో అక్కడే కథ ఉంటుంది. నవ్వు పుట్టడాన్ని అందరూ రాస్తారు. అది ఎలా ఆరిందో, ఎదుటివాడు ముఖం తిప్పుకున్నాక పెదవి కొస ఎంతసేపు నిలిచిందో చూసేవాళ్ళు తక్కువ.

నీ కథలో ఒకచోట అక్క పెన్ను మూతను పళ్ళ మధ్య పట్టుకుని సంతకం చేసింది. అది నీకు తెలియకుండానే పడిన మంచి వాక్యం. కానీ వెంటనే తమ్ముడు "కోపమా అక్కా?" అని అడిగితే, ఆమె చిరునవ్వుతో "లేదురా" అందని రాశావు. మూత ఇంకా పళ్ళ మధ్యే ఉంది కదా, ఆ మాట ఎలా అంది? ఆ ఒక్క పేరా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.