మేకల మంద కాపలాకు సబ్‌సోనిక్ తూటాలు: టెక్సస్‌కు కొత్తగా వచ్చిన మనవారికి

కళ్యాణదుర్గం నుంచి వచ్చి ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు, మిత్రులతో కలిసి కౌలుకు తీసుకున్న భూమిలో మేకలను పెంచుతున్నారు. రాత్రిపూట కయోటీలు (తోడేలును పోలిన అడవి జంతువులు) మేకపిల్లలను ఎత్తుకుపోతున్నాయని, పొరుగువారి నిద్ర చెడకుండా, మంద బెదరకుండా వాటిని కాల్చడానికి సబ్‌సోనిక్ తూటాలు, అంటే ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లే తూటాలు, పనికొస్తాయా అని ఆయన అడిగారు. మాది రాప్తాడు పక్క పల్లె. వేరుశనగ చేలో మంచె మీద కూర్చుని, అడవి పందులను తరమడానికి తెల్లవార్లూ డబ్బా వాయించినవాణ్ణి కనుక, కళ్ల ముందే కష్టార్జితం పోతుంటే కలిగే బాధ నాకు తెలుసు. అయితే ఆయన హెచ్-1బి వీసా మీద ఉన్నారు కాబట్టి తూటా కంటే ముందు ఆ సంగతి చెప్పాలి.

1998లో సవరించిన ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీని గానీ, ఒక్క తూటాను గానీ దగ్గర ఉంచుకోకూడదు. దీనికున్న మినహాయింపుల్లో మనకు అందుబాటులో ఉండేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. ఇక్కడే మనవాళ్లు పొరబడుతున్నారు. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందులను కాల్చడానికి 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్ రాష్ట్రం లైసెన్స్ అడగడం లేదు; ఆ మాట విని, తమకూ అక్కర్లేదనుకొని స్నేహితుడి రైఫిల్ చేతిలోకి తీసుకుంటారు. రాష్ట్రం అడగకపోయినా ఫెడరల్ చట్టం అడుగుతుంది. టెక్సస్ వేట లైసెన్స్ సాధారణంగా ఆగస్టు 31తో ముగుస్తుంది; సెప్టెంబరు 1న కొత్తది చేతిలో లేకుండా బీరువాలో రైఫిల్ ఉంటే అది నేరమే. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తరువాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేయాలి. ఇవన్నీ సరిచూసుకొని, ఒకసారి ఇమిగ్రేషన్ లాయరును అడిగిన తరువాతే రైఫిల్ మాట ఎత్తండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. రైఫిల్ పేలినప్పుడు రెండు శబ్దాలు పుడతాయి. గొట్టం మూతి దగ్గర మందు వాయువులు ఒక్కసారిగా బయటపడే చప్పుడు మొదటిది. గుండు ధ్వని కంటే వేగంగా గాలిని చీల్చుకుంటూ వెళ్లే దారి పొడవునా వినిపించే ఫెళ్లుమనే మోత రెండవది. గొట్టం మూతికి బిగించే సప్రెసర్ అనే పరికరం మొదటిదాన్ని తగ్గిస్తుంది, రెండవదాన్ని ఏమీ చేయలేదు. సబ్‌సోనిక్ తూటా రెండవదాన్ని లేకుండా చేస్తుంది గానీ మొదటిదాన్ని పూర్తిగా అణచలేదు. అందువల్ల ఈ రెండూ కలిసినప్పుడే మీరు కోరుకునే నిశ్శబ్దం వస్తుంది. ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు, అంటే 1,125 అడుగులు. సున్నా డిగ్రీల వద్ద అది 1,087 అడుగులకు పడిపోతుంది. వేసవిలో మెత్తగా పేలిన తూటా జనవరి రాత్రి ఫెళ్లుమనవచ్చు. అందుకే ఈ తూటాలను ఎక్కువగా 1,050 అడుగుల లోపే ఉండేలా తయారుచేస్తారు.

ఈ నిశ్శబ్దానికి చెల్లించే మూల్యం పెద్దది. .300 బ్లాకౌట్ అనే రకం తూటాలో 220 గ్రెయిన్ల (గుండు బరువును కొలిచే చిన్న ప్రమాణం) సబ్‌సోనిక్ గుండుకు గొట్టం మూతి వద్ద ఉండే శక్తి సుమారు 500 అడుగు-పౌండ్లు. అదే రైఫిల్‌లో 125 గ్రెయిన్ల మామూలు తూటాకు 1,300కు పైగా ఉంటుంది. పైగా మామూలు గుండు ఆ తక్కువ వేగంలో విచ్చుకోదు, సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది, జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. తక్కువ వేగంలో విచ్చుకునేలా ప్రత్యేకంగా చేసిన గుండ్లనే కొనండి.

నా పొరపాటు ఒకటి చెబుతాను. రైఫిల్‌ను 50 గజాలకు సరిచేసుకొని, ఒక రాత్రి థర్మల్ స్కోపులో (ఒంటి వేడిని బట్టి చీకట్లో చూపే దుర్భిణిలో) తెల్లగా కనిపించిన కయోటీ మీద, దూరం కొలవకుండానే గురిపెట్టాను. అది 120 గజాలకు పైనే ఉంది. సబ్‌సోనిక్ గుండు 100 గజాల దగ్గరే ఆరంగుళాలకు పైగా, 150 గజాల దగ్గర రెండడుగుల దాకా కిందికి జారుతుంది. గుండు దాని పొట్ట కింద సున్నపురాయిని తాకి, గుయ్యిమంటూ పక్కకు లేచి చీకట్లో ఎటో పోయింది. ఆ దిక్కున ఇళ్లు లేవు గనుక సరిపోయింది. బరువైన, నెమ్మదైన గుండు నేలను తాకగానే ముక్కలు కాకుండా ఎగిరిపోతుంది కాబట్టి, వెనక మట్టికట్ట గానీ, ఏటవాలు నేల గానీ లేనిచోట ఎన్నడూ కాల్చకండి. ఆనాటి నుంచి నేను 75 గజాలు దాటితే సబ్‌సోనిక్ వాడను.

మరొక ప్రమాదం మ్యాగజైన్ల దగ్గర పొంచి ఉంది. .300 బ్లాకౌట్ తూటాలు 5.56 అనే సన్నని తూటా వాడే రైఫిల్ మ్యాగజైన్‌లో (తూటాల పెట్టెలో) చక్కగా ఇమిడిపోతాయి. పొరపాటున అవి ఆ రైఫిల్‌లోకి ఎక్కి, బోల్టు మూసుకుంటే, 7.8 మిల్లీమీటర్ల గుండు 5.7 మిల్లీమీటర్ల గొట్టంలో దూరలేక రైఫిలే చేతుల్లో పేలిపోతుంది. మా ఇంట్లో బ్లాకౌట్ మ్యాగజైన్లన్నింటికీ ఎర్ర టేపు చుట్టి, వేరే పెట్టెలో తాళం వేసి ఉంచుతాను.

సప్రెసర్ విషయానికొస్తే, టెక్సస్‌లో చట్టబద్ధమే గానీ కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలలో సామాన్యులు ఉంచుకోకూడదు. 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి లేకపోయినా వేలిముద్రలు, దరఖాస్తు, ఏటీఎఫ్ (ఆయుధాలను నియంత్రించే ఫెడరల్ సంస్థ) అనుమతి తప్పవు. మిత్రుడి పేరున నమోదైనదాన్ని ఆయన పక్కన లేకుండా వాడకండి.

నన్నడిగితే, ముందు మన కాపరులు ముళ్లకంపతో దడి కట్టినట్టు రాత్రిదొడ్డిని బలపరచి, గ్రేట్ పైరనీస్ కుక్కలను రెండింటిని మందతోపాటు పెంచండి. వాటికీ లొంగని కయోటీ కోసమే రైఫిల్.

చివరగా మన ఊరి ప్రయాణం గురించి. అనంతపురం వాళ్లం చాలామందిమి బెంగళూరులో దిగుతాం. వేటకు తీసుకెళ్లిన సంచి జేబులో మరిచిపోయిన ఒక్క తూటా అక్కడి స్కానింగులో కనిపిస్తే, తెలియక వచ్చిందని ఎంత చెప్పినా 1959 ఆయుధ చట్టం కింద కేసు పెట్టవచ్చు. దాన్ని కొట్టివేయించుకోవడానికి కోర్టు చుట్టూ తిరిగేసరికి సెలవంతా అయిపోతుంది. అందుకే నా వేట సంచి గరాజ్‌లోని మేకును వదిలి ఎన్నడూ ఇంట్లోకి రాదు, ఊరికి వచ్చే పెట్టెలు వేరే గదిలో ఉంటాయి.