పిల్లల టీవీ ప్రోగ్రాం యాంకర్ పనితో ఇల్లు గడుస్తుందా?

డిగ్రీ చదువుతున్న మీ చెల్లెలు పిల్లల టీవీ ప్రోగ్రాంలకి యాంకర్ అవుతానంటోంది, ఆ పనితో ఇల్లు గడుస్తుందా అని అడిగారు. ఆ ఒక్కదాంతోనే అయితే గడవదండీ. నేను ఒడిశాలోని బరంపురంలో ఓ లోకల్ కేబుల్ ఛానెల్లో కొన్నేళ్లు ఆదివారం పిల్లల ప్రోగ్రాం చేశాను. ఎపిసోడ్‌కింత అని చేతిలో పెట్టేవారు, అదీ స్పాన్సర్ దొరికిన నెలలోనే. మా ఇల్లు నడిచింది ట్యూషన్ల మీద.

స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. కేబుల్ ఆఫీసు మేడ మీద ఒక గది, వెనకాల పచ్చగుడ్డ, ఒకే కెమెరా. మైకులో చప్పుడు పడుతుందని మే నెలలో కూడా ఫ్యాన్ ఆపేసేవారు. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నోటికి ఏది ముందొస్తే అదే మాట్లాడనిచ్చేదాన్ని. అసలు తలనొప్పి తల్లులతో. కెమెరా వెనక నిలబడి పెదాలు కదుపుతూ పద్యం అందిస్తుంటే పిల్లల చూపంతా అటే. ముందు వాళ్లని టీ తాగి రమ్మని కిందికి పంపేసి, ఆ తర్వాతే కెమెరా ఆన్ చేయించేదాన్ని.

"నీ పేరేంటి, ఏ క్లాసు" అని మొదలుపెడితే చాలామంది పిల్లలు బిగుసుకుపోతారు. ఠాకురాణీ యాత్ర రోజుల్లో (రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, మా ఊరంతా వేషాలే) ఒకడు ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలతో వచ్చాడు. పేరడిగితే గుర్రుమన్నాడు. సరే అని పులినే అడిగాను, పొద్దున్న ఏం తిన్నావని. "ఉప్మా. నాకస్సలు ఇష్టం లేదు." ఇక అక్కణ్ణుంచి వాడి నోరు మూయించలేకపోయాం.

న్యాయపతి రాఘవరావు గారి గురించి మీ చెల్లెలికి చెప్పండి. 1905లో మా బరంపురంలోనే పుట్టారు. తెలుగువాళ్లకి 'రేడియో అన్నయ్య' అంటే ఆయనే, భార్య కామేశ్వరి గారు 'అక్కయ్య'. మద్రాసు ఆకాశవాణిలోనూ, తర్వాత హైదరాబాదులోనూ పిల్లల చేతే పాడించారు, నాటకాలు వేయించారు. అలాగని రేడియో ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేదు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు, ఆంధ్ర బాలానంద సంఘం నడిపారు.

టీవీలో నాకు బాగా నచ్చిన మనిషి అమెరికాలోని ఫ్రెడ్ రోజర్స్. ఆయన పిల్లల కార్యక్రమం 1968 నుంచి 2001 దాకా వచ్చింది. మార్గరెట్ మెక్‌ఫార్లండ్ అనే పిల్లల మనస్తత్వ నిపుణురాలితో ఏళ్ల తరబడి స్క్రిప్టులు చర్చించేవారు. షోలో ఆయన చేపలకి మేత వేయడం ఒక అలవాటు. చూపులేని ఒక పాప ఉత్తరం రాసింది, మేత వేసేటప్పుడు పైకి చెప్పండి, లేకపోతే అవి ఆకలితో ఉన్నాయేమోనని నాకు బెంగగా ఉంటుందని. అప్పట్నుంచి పైకి చెప్పేవారు. మనదగ్గర యాంకరింగ్ కోర్సుల వాళ్లు ఫీజు పుచ్చుకుని మేకప్పూ మైకు పట్టుకోవడమూ నేర్పుతారు.

చేదు కూడా చెప్పాలి. ఒక స్పాన్సర్ తన బిస్కెట్లు పిల్లలు నవ్వుతూ తినాలని టేకు మీద టేకు తీయించాడు. ఒక పాప వాంతి చేసుకుంది. నేను గొడవపడ్డాను. ఆ స్పాన్సరూ మళ్లీ రాలేదు, నా డబ్బులూ రాలేదు. మీ చెల్లెలు రేపు ఎంత పెద్ద ఛానెల్‌కి వెళ్లినా ఇది తెలిసుండాలి: బాలకార్మిక చట్టం నిబంధనల ప్రకారం పిల్లల చేత రోజుకి 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరునే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. సెట్లో యాంకర్ అడిగితే తప్ప ఇవి ఎవరికీ గుర్తురావు.

ఫోన్లొచ్చాక మా ప్రోగ్రాం ఆగిపోయింది. ఇప్పుడు బళ్లలో కథలు చెబుతున్నాను, టీవీ కన్నా ఇక్కడే డబ్బు టైముకి అందుతోంది. మీ చెల్లెల్ని డిగ్రీ మాత్రం మానొద్దనండి. అయ్యాక బీఈడీ చేస్తే ఇంకా మంచిది. ఆకాశవాణి, దూరదర్శన్ ఆడిషన్లు పడితే వదలొద్దు. కథ చెప్పమంటే కాగితం చూసి చదవకూడదు. ముందే వీధిలో పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పి, వాళ్లు ఎక్కడ లేచి పోతున్నారో చూసుకుని ఆ ముక్క కోసేసి, మిగిలింది పట్టుకెళ్లమనండి.